కామయ్య కట్టు తడవకూడదు

జగదల్‌పూర్, జూలై 6

లక్ష్మణ్ తాతకూ హుంగే అవ్వకూ, మీ పక్కగదిలో అద్దెకుండే అమ్ము నమస్కారాలు.

క్షేమంగా చేరాను. రేపటి నుంచి టీచర్ల పరీక్షలు. పామేడులో ఫోను పలకదు కాబట్టి ఉత్తరాలు జీపు నడిపే సుక్రాం చేతికే ఇస్తాను.

మా కుక్క కామా ఎలా ఉన్నాడు? పశువుల డాక్టరు చెప్పింది మీరూ విన్నారు. మోటారు సైకిలు తగిలి విరిగిన కాలు కాబట్టి కట్టు మూడు వారాలు ఉండాలి. తడిస్తే లోపల చీము పడుతుంది, కాలు తీసేయాల్సి వస్తుంది. వానలో బయటికి వెళ్తే కట్టు మీద ప్లాస్టిక్ సంచీ తొడగండి. ఇంట్లోకి రాగానే తీసేయండి, లేకపోతే చెమటకే తడుస్తుంది.

ఇంత భారం మీ మీద వేసి వచ్చానని రోజంతా సిగ్గుగా ఉంది.

ఇట్లు,
అమ్ము

తా.క. తోక కామా గుర్తులా వంకర తిరిగి ఉంటుందని వాడికి ఆ పేరు పెట్టాను. అవ్వ కామయ్య అంటోంది. పలుకుతున్నాడా?

పామేడు, జూలై 10

బిడ్డ అమ్ముకు, లక్ష్మణ్ తాత వానకు ఇంట్లో కూర్చుని రాసేది.

నీ ప్లాస్టిక్ సంచులు రెండు రోజుల్లో అయిపోయాయి. అన్నీ వాడే కొరికేశాడు. తర్వాత హుంగే అడ్డాకులు కుట్టి తొడుగు చేసింది. చూడముచ్చటగా ఉంది. దాన్ని తొడుక్కుని కామయ్య ముందు నడిచాడు, మేక వెనక నడిచింది. ఇంటి చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగేసరికి తొడుగు మేక కడుపులో ఉంది.

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. వానాకాలంలో మనం ఏది తడవకూడదనుకుంటే దాన్ని ఎక్కడ పెడతాం? పొయ్యి మీది అటక మీద. విత్తనాలు అక్కడే, ఇప్పపువ్వు అక్కడే. కామయ్యనూ అక్కడే పెట్టాం. కింద పొగ, పైన కుక్క. కట్టు అప్పడంలా ఉంది.

ఉంటాను,
లక్ష్మణ్ తాత

తా.క. కామయ్య అంటే వస్తున్నాడు. కామా అంటే ఆగిపోతున్నాడు. బడి దగ్గర పెరిగిన కుక్క కదా.

మరో తా.క. అటక మీద ఎండుచేపలు కూడా ఉండేవి.

జగదల్‌పూర్, జూలై 13

తాతకు అమ్ము నమస్కారాలు, కొంచెం కంగారుతో.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కుక్క అటక మీదే ఉంది.

దయచేసి దించండి. నిప్పురవ్వ ఎగిరితే? నిద్రలో దొర్లితే? ఇంట్లో వేరే పొడి చోటు లేదంటే మాత్రం మంట తగ్గించి, వాడి కింద గోనెసంచీ పరవండి. వాడంతట వాడు నిచ్చెన దిగకూడదు. మీరే రెండు చేతులతో, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు, మెల్లగా దించాలి. ఒక చేత్తో పట్టుకుంటే విరిగిన కాలు వేలాడుతుంది.

ఇలా పెద్దవాళ్లకు చెప్పడం తప్పే. ఎదురుగా ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

ఇట్లు,
అమ్ము

తా.క. చేపలు ఎన్ని తిన్నాడు? అవ్వకు నా తరఫున క్షమాపణ చెప్పండి.

పామేడు, జూలై 18

బిడ్డ అమ్ముకు తాత దీవెనలు.

నువ్వు రాసినట్టే చేశాం. మంట తగ్గించాం, గోనె పరిచాం. కామయ్యను ఇప్పుడు హుంగే దించుతోంది.

పశువుల డాక్టరు మన ఇంటికి వచ్చి వెళ్లాడు. కొయ్యబద్దలు కావాలంటే వెదురు చీల్చి ఇచ్చాం. ఎందుకు వచ్చాడని మాత్రం ఇప్పుడు అడగకు. నువ్వు వచ్చాక నేనే చెబుతాను. పరీక్ష బాగా రాయి.

ఉంటాను,
లక్ష్మణ్ తాత

తా.క. దిగులు పడొద్దని రాయమంది హుంగే. రాశాను.

మరో తా.క. చేపలు పదకొండు.

జగదల్‌పూర్, జూలై 20

తాతకూ అవ్వకూ నమస్కారాలు.

డాక్టరు ఎందుకు వచ్చాడో అడగొద్దన్నారు. అడగను. నాకు అర్థమైంది. కట్టు తడిసింది. కాలు తీసేశారేమో, తీసేయబోతున్నారేమో. మీరు నాకు భయపడి దాస్తున్నారు.

తాతా, మూడు కాళ్లతో ఉన్నా వాడు నావాడే. వాడి ముందు ఎవరూ కుంటివాడు అనకుండా చూడండి. మీ మీద నాకు కోపం లేదు. చివరి పరీక్ష ఇరవై ఆరున. అది వదిలేసి ఇరవై ఐదున బస్సుకి వస్తున్నాను. వచ్చే ఏడు మళ్లీ రాసుకుంటాను.

ఇట్లు,
అమ్ము

తా.క. సెలవు అడగడానికి పెద్ద మేడం గదిలోకి వెళ్లాను. నోరు విప్పి ఇంట్లో మనిషికి ప్రమాదం అన్నాను. ఏం వరస అని అడిగారు. ఏ వరసా తోచలేదు, ఏడ్చాను.

పామేడు, జూలై 23

తొందరపాటు బిడ్డ అమ్ముకు, మంచం మీది నుంచి తాత రాసేది.

బస్సు ఎక్కకు. ఈ ఉత్తరం సుక్రాం నీ చేతికే ఇస్తాడు.

డాక్టరు వచ్చింది నా కాలికి. రెండు చేతులతో దించమన్నావు. రెండు చేతులూ కుక్కకు ఇచ్చాక నిచ్చెన పట్టుకోవడానికి ఏ చేయి మిగులుతుంది? మూడో మెట్టు మీద కాలు జారి, తూలుకుంటూ గడప దాటి వాకిట్లో వాననీళ్ల గుంటలో పడ్డాను. కామయ్యను మాత్రం పైకెత్తే పట్టుకున్నాను. నేను మెడదాకా తడిశాను, వాడి కట్టుకు చుక్క తగల్లేదు. హుంగే వచ్చి ముందు కుక్కను అందుకుంది. "నువ్వు ఆగు, నీకేమైతది" అంది. అయింది. మడమ దగ్గర ఎముక విరిగింది.

వాగు పొంగి మనుషుల డాక్టరు రాలేకపోయాడు. టీకాలు వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు ఊళ్లోనే ఉన్నాడు. నేను చేయకూడదు అంటూనే కట్టాడు. నువ్వు బెంగపడి పరీక్ష వదిలేస్తావని దాచాను. దాచినందుకే వదిలేస్తున్నావు.

ఇవాళ మళ్లీ వచ్చి కామయ్య కట్టు విప్పాడు. ఎముక చక్కగా అతుక్కుంది. ఈ వానల్లో ఇంత పొడి కట్టు ఎక్కడా చూడలేదట, ఎలా ఉంచారని అడిగాడు. అటక చూపించాం. నిచ్చెన ఎక్కి గోనెసంచీ కూడా తడిమి చూశాడు.

పరీక్ష రాసే రా.

ఉంటాను,
లక్ష్మణ్ తాత

తా.క. డాక్టరు రిజిస్టరులో మనుషులకు గడి లేదు. అందుకని నన్ను ఎద్దు, వయసు అరవై ఏడు అని రాసుకున్నాడు. హుంగేకు చదివి వినిపించాడు. "సరిగనే రాసినవ్ సారూ" అంది.

మరో తా.క. ఇది రాస్తుండగానే కామయ్య నాలుగు కాళ్ల మీద కోడి వెంట పరిగెత్తి, పొలం గట్టు దాటి పోయాడు. వెనక పరిగెత్తడానికి ఈ ఇంట్లో ఎవరూ లేరు. ఇరవై ఏడున నువ్వే రావాలి.