గౌరి బండి మోటారు నేను విప్పను

జూన్ 1, ఆదివారం

ఉదయం 11:00. గౌరి బండికి మోటారు పడింది! ఎమ్మిగనూరు నుంచి సైకిల్ షాపు యేసేపు వచ్చి బిగించి వెళ్లాడు. ఇన్నాళ్లూ చేత్తో తిప్పే మూడు చక్రాల బండి. ఇప్పుడు ముందు చక్రం నడిమధ్యలోనే మోటారు, దాని కడుపులోనే రెండు గేర్లు. స్విచ్చి ఒకటి మీద పెడితే మెల్లగా ఎత్తు ఎక్కుతుంది. రెండు మీద పెడితే చదునులో పరుగు!

నా భార్య గౌరికి చిన్నప్పుడే పోలియోతో ఎడమ కాలు పోయింది. కుట్టుపని చేసే సెంటరేమో ఆదోని రైలు వంతెన అవతల. ఆరేళ్లుగా పొద్దునా సాయంత్రం ఆ వంతెన మీదికి బండి తోసింది నేనే. నాకు ఆలస్యమైతే తనకూ ఆలస్యం. ఈ వారం బడి యూనిఫారాల పని. రోజూ ఎనిమిదిన్నరకల్లా వస్తే కటింగ్ బల్ల నీకే ఇస్తామన్నారట. గుండీలు కుట్టీ కుట్టీ విసిగిపోయింది పాపం.

యేసేపు పోతూ పోతూ నన్ను పేరుతో పిలిచి అన్నాడు: "ఉరుకుందన్నా, నువ్వు మిల్లు ఫిట్టరువి. ఇది మిల్లు మోటారు గాదు. ఇప్పొద్దు."

గౌరి అంది: "ఇప్పితే నా మీద ఒట్టు మామా."

నిర్ణయం: నెల రోజులు మోటారు ముట్టను. ఇదేమంత కష్టం!

జూన్ 2, సోమవారం

8:10. ఒక్కతే వంతెన ఎక్కింది! ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక చెయ్యి ఊపింది. నేను కింద నిలబడి ఊపాను.

8:22. సెంటర్ చేరానని ఫోన్.

8:30. నా రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీ తాగాను. అక్కర్లేకపోయినా ఇంకోటి తాగాను.

మోటారు ముట్టలేదు.

జూన్ 3, మంగళవారం

ఈ నెలలో పత్తి రాదు, మిల్లు ఆడదు. ఫిట్టర్లం మిషన్లన్నీ విప్పి, కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ బిగిస్తాం. ఇవాళ పదకొండు విప్పాను. ఇంటికొచ్చి ఒక్కటీ విప్పలేదు. ఇది చిన్న సంగతి కాదు. ఎవరూ మెచ్చుకోలేదు.

జూన్ 4, బుధవారం

ఒకటో గేరులో ఏదో శబ్దం ఉంది. గుర్రుమని. గౌరిని అడిగాను.

"బాగనే పోతాంది గదా మామా. నాకేం ఇనపడలే."

ఫిట్టరు చెవికి వినపడింది అందరికీ వినపడుతుందా! సాయంత్రం చక్రాన్ని పైకెత్తి, తిప్పి, చెవి ఆనించి విన్నాను. వినడం ముట్టడం కిందికి రాదు.

జూన్ 5, గురువారం

సాయంత్రం 6:40. గౌరి పక్కింట్లో ఉంది.

6:45. మూత మాత్రం తీశాను. మూత మోటారు కాదు.

6:50. దొరికింది! ఒకటో గేరులో చక్రం ముందుకు తిరుగుతోంది, లోపల మోటారు వెనక్కి తిరుగుతోంది! యేసేపు వైర్లు తిరగేసి కలిపాడన్నమాట. పాపం, సైకిళ్లు బాగుచేసేవాడు, అతనికేం తెలుస్తుంది. మిల్లులో మోటారు ఎదురు తిరిగితే మూడు వైర్లలో రెండిటిని అటుదిటు, ఇటుదటు మారుస్తాం. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని చేస్తున్న పని.

7:10. మార్చాను. లావు వైర్లు రెండు, వాటికి జోడీ సన్న వైర్లు రెండు. ఇప్పుడు మోటారు ముందుకే తిరుగుతోంది. గుర్రు పోయింది. చక్రం కూడా మునుపటికంటే హుషారుగా ఉంది.

గౌరికి చెప్పలేదు. చెబితే ఒట్టు సంగతి వస్తుంది.

జూన్ 6, శుక్రవారం

8:14. వంతెన సగంలో బండి ఆగిపోయింది. వెనక్కి జారింది. గౌరి బ్రేకు పట్టుకుని కేక పెట్టింది. వెనకే ఉల్లిగడ్డల ఆటో. దాని డ్రైవరు దూకి బండిని ఆపి పైదాకా తోశాడు. నేను పరుగెత్తి చేరేసరికి అంతా అయిపోయింది.

సెంటర్ చేరేసరికి పావుతక్కువ తొమ్మిది. కటింగ్ బల్ల దగ్గర వేరే ఆమె ఉందట. రేపొక్క రోజు చూస్తామన్నారట.

9:30. యేసేపుకు ఫోన్ చేశాను.

"అది అట్లే తిరగాల అన్నా. ఒకటో గేరుకు మోటారు ఎనక్కి తిరుగుతాది. లోపల గేర్లు దాన్ని ముందుకు మారుస్తాయి. రెండో గేరుకే మోటారు ముందుకు తిరిగేది. నువ్వు వైర్లు మార్చినావంటే స్విచ్చి ఒకటి మీద పెట్టినా రెండో గేరే పడుతాది. ఎత్తు యాడ ఎక్కుతాది?"

నేను ఫోను రెండో చెవికి మార్చాను.

"అంటే ఇప్పినావు!"

సాయంత్రం 6:30. గౌరికి చెప్పేశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"యాడ మార్చినావో సూపిచ్చు. నువ్వు సెయ్యి పెట్టొద్దు."

నేను వేలితో చూపించాను. తనే వైర్లు విప్పింది, తనే మార్చి కలిపింది. సూదిలో దారం ఎక్కించే చేతులు, ఒక్క వైరు కూడా తడబడలేదు.

"ఎందుకిప్పినావు మామా?"

"శబ్దం వస్తాంటే."

"నిజం సెప్పు."

"నువ్వు ఒక్కదానివే ఎక్కిపోతాంటే ఆడ నాకేం పని లేకుండా పోయినట్లుండాది."

గౌరి నావైపు చూడలేదు. మూతకు చివరి స్క్రూ బిగించింది.

జూన్ 7, శనివారం

8:05. గౌరి బండి తీసి వాకిట్లో ఆపింది.

"రాప్పా. తోసేకి గాదు, ఊరికే."

ఒకటో గేరు వేగం, నా నడక వేగం ఒకటే. బండి పక్కన చేతులు ఊపుకుంటూ నడిచాను. వంతెన పైన గౌరి రెండో గేరు వేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

8:24. ఫోన్. కటింగ్ బల్ల తనకే!

ఆరేళ్లు వెనక నుంచి తోశాను. నాకు కనిపించింది జడ ఒక్కటే. ఎత్తు ఎక్కేటప్పుడు గౌరి కింది పెదవి కొరుక్కుంటుందని ఇవాళే తెలిసింది.

నిర్ణయం మళ్లీ మొదలు: నెల రోజులు మోటారు ముట్టను. రోజూ వంతెన పైదాకా పక్కనే నడుస్తాను.

ఇవాళ ఒకటో రోజు.