పటాల వెనక పేర్లు

ప్రియమైన అక్కకి,

మూడు రోజులుగా ముసురు. చెక్క ఆరక బడి తలుపుల పని ఆగింది. ఖాళీగా ఉండలేక అమ్మ పెట్టెలోని ఫోటోలన్నీ బయటికి తీశాను. అంచులకు పురుగు పట్టింది. ప్లైవుడ్ పలకలు కోసి, గుండుసూది దూరే సందు లేకుండా జిగురుతో అతికించాను. మొత్తం నలభై రెండు. ఇక నా మనవలే కాదు, వాళ్ల మనవలు కూడా చూసుకోవచ్చు. పిన్ని మాత్రం వాటిని చూడగానే లేచి వెళ్లిపోయింది. ముసలితనం.

నీ తమ్ముడు

తమ్ముడూ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ ఫోటోల వెనక ఎవరెవరో అమ్మ పెన్సిలుతో రాసిపెట్టింది. ఒక్కటైనా తిప్పి చూశావా? తలుపుకి రేకు కొట్టినట్టు కొట్టేశావు! రేపు నీ మనవడు "ఈ మీసాలాయన ఎవరు తాతా?" అంటే ఏం చెప్తావు, ప్లైవుడ్ అంటావా? ఇక ఆ మొహాలు తెలిసింది పిన్ని ఒక్కదానికే. ఆవిడకి డెబ్బై ఎనిమిది. పని పక్కనపెట్టి, కూర్చోబెట్టి పేర్లు రాసుకో.

అక్క

అక్కా,

తిప్పి చూడలేదు. తప్పు నాదే. అమ్మ పోయిన ఆరేళ్లుగా పెట్టె నా మంచం కిందే ఉంది. నువ్వెన్నిసార్లు తెరిచావు? దూరాన కూర్చుని తిట్టడం ఎవరికైనా వచ్చు. వేడినీళ్లతో ఒకటి ఊడదీయబోతే మొహమే ఊడొచ్చింది. పిన్నిని అడిగాను. "మీ అమ్మనే అడుగు" అంది.

తమ్ముడు

తమ్ముడూ,

బతిమాలు. కాళ్లు పట్టుకో. ఆసుపత్రి ఉద్యోగంలో నాకు సెలవివ్వడం లేదు, లేకపోతే నేనే వద్దును. ఆవిడ పోతే అందరూ మరోసారి పోయినట్టే. ఇంకో వారం ఆగితే నీతో మాట్లాడను.

అక్క

అక్కా,

బతిమాలాక పిన్ని చెప్పింది. పాడైంది పోగా నలభై ఒకటి. రెండు రోజులు కూర్చుని నలభైకి చెప్పింది. ఆ పేర్లు ఈ కాగితం వెనక రాశాను.

మిగిలిన దాంట్లో అమ్మ ఒళ్లో పసిపిల్ల ఉంది. "ఇది అక్కేగా" అన్నాను.

"మీ అక్క కాదురా, నా కూతురు. ఏడో నెలలో పోయింది. ఉన్నది ఈ ఒక్క ఫోటోనే. ఇమ్మని యాభై ఏళ్లు అడిగాను. చూస్తే ఏడుస్తానని మీ అమ్మ దాచింది. ఏడవడానికి కూడా ఆవిడ అనుమతి కావాలా నాకు?"

పేరు చెప్పమన్నాను.

"చెప్పను. రాసుకుంటే అదీ మీదైపోతుంది."

ఇవాళ పొద్దున ఆరు గంటల బస్సుకి పిన్ని మామయ్య కొడుకు ఇంటికి వెళ్లిపోయింది. ఆ పలక తీసుకెళ్లింది.

తమ్ముడు