వదిన పెట్టిన తాలింపు

మదనపల్లె,
9-3-1982, మంగళవారం.

అమ్మకు అంజమ్మ నమస్కారాలు.

పొద్దున్నే మీ ఉత్తరం రావడం ఒక వింత, అందులోని సంగతి ఇంకా వింత. నేను క్షేమం. మీరూ క్షేమమేనని, బయ్యమ్మ వదినను పుట్టింటి నుంచి ఇక పిలవబోమని, అన్నకు గంగవరంలో వేరే పిల్లను చూశామని నువ్వు చెబుతుంటే అన్నే గుండ్రంగా రాశాడు. ఒక్క కొట్టివేత లేదు. వాడి కొడుకు పోయి పదిహేను రోజులే. 'రోత' అనే మాట పుస్తకాల్లో చదివాను. అది గొంతులో ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

రాగిపిండి ఇంకా ఉంది, పంపవద్దు.

తట్టు పోసిన ఇంట్లో తాలింపు పెట్టకూడదు. వదిన పెట్టింది, నిజమే. పప్పు చప్పగా ఉందని నాలుగు రోజులు కంచం తోసేసింది అన్నే. బాబు పోయిన రోజు నువ్వు, "తాలింపు వాసనకి అమ్మోరికి కోపమొచ్చె. నా మనవణ్ణి నువ్వే మింగితివి" అన్నావు. వదిన అన్నవైపు తిరిగి, "నువ్వే గదా పెట్టమంటివి" అంది. వాడు నోరు విప్పలేదు.

మా జువాలజీ శ్రీరాములు సారును అడిగాను, ఒకే ఇంటివాళ్లలో ఒకరు లేచి తిరుగుతుంటే ఒకరు ఎందుకు పోతారని. వచ్చే వైరస్ ఒకటేనట. పసితనం, తిండి కొంత కారణమట. తల్లిదండ్రుల నుంచి ముక్కూ కళ్లూ వేరువేరుగా వచ్చినట్టే, రోగాన్ని ఓర్చుకునే శక్తీ వేరువేరుగా రావచ్చునట. "ఏది ఎవరికొచ్చిందో ముందే తెలిసేది కాదమ్మా. పోపుగింజలకైతే దాంతో పనే లేదు" అన్నాడు.

మళ్లీ జ్వరం వచ్చిందా అని అడిగావు. రాలేదు. కానీ పోయిన నెల నాకొచ్చింది ఉత్త జ్వరం కాదు. హాస్టల్లో అప్పటికే ముగ్గురికి తట్టు. నా చెవుల వెనకా ఎర్రగా లేచింది. ఇంటికి వెళ్లనివ్వరేమోనని జడ వదులుగా వేసి దాచి, బస్సెక్కాను. మూడు రోజులూ బాబును చంక దించలేదు. నాకు రెండు రోజుల్లో తగ్గిపోయింది. నేను వచ్చేసిన పదో రోజున వాడికి పోసింది. పోయాడని కబురంది మళ్లీ వచ్చాక, నువ్వు వదినను తిడుతుంటే నేనూ అన్నలాగే నిలబడ్డాను. అన్నను చూస్తే కలిగే రోతలో సగం నామీదే.

ఇది నీకు చదివి వినిపించేది అన్నే. తెలిసే రాశాను. ఒక్క ముక్కా వదలకుండా చదవమను.

రేపు పొద్దున మొదటి బస్సుకు కుప్పం పోయి, అక్కణ్ణుంచి రామకుప్పం వెళ్లి, వదినకు ఎదురుగా నిలబడి ఇదంతా చెబుతాను.

ఇట్లు,
బాబును ఎత్తుకు తిరిగిన మేనత్త, నీ కూతురు
అంజమ్మ