వంటగట్టుకు వార్నిష్ వద్దు

బావా,

వార్నిష్ డబ్బా మూత తియ్యకు. మన కొత్త చెక్క గట్టుకు నూనే రాస్తున్నాం, ఇక వాదన లేదు. సింకు కోసం కోసి తీసిన చెక్కముక్క కిటికీలో పెట్టాను, నీ కళ్లతో చూడు. సగానికి నీ వార్నిష్, సగానికి నా అవిసె నూనె పూసి, రెండిటి మీదా నీళ్లు పోసి, వేడి గిన్నె దించాను. నీది తెల్లగా పొక్కి లేచింది. పైన పటారం, లోన లొటారం! నాదీ కాస్త మచ్చపడింది గానీ, మళ్లీ నూనె రుద్దితే పోయింది.

మొదటి పూత ఆరింది. నేను డ్యూటీ నుంచి వచ్చేలోపు రెండోది నువ్వు వెయ్యి. చెక్క గీతల వెంటే రుద్దు. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట తీగ మీద విడివిడిగా ఆరెయ్యి.

"ఏటేటా ఎవరు రుద్దుతారే?" అని గునిశావుగా. ఇద్దరం రుద్దుదాం. వార్నిష్ లేస్తే మొత్తం గీకాలి. నూనె అరిగితే అరిగిన చోట పూస్తే చాలు.

మరిచా, పొయ్యి పక్కన ఒకచోట రంగు ముదురుగా ఉంటే కంగారుపడకు. పాత గట్టు మీద నీ తడి గ్లాసు అక్కడే పెట్టేవాడివి. ఎంత మొత్తుకున్నా దీనిమీదా అక్కడే పెడతావు. అందుకే అక్కడ ఒక పూత ఎక్కువే వేశాను.