హవల్లీ బిల్డింగులో ప్రెసిడెంటు ఎన్నిక

ఆగస్టు 1990, ఆదివారం

వీధిలోకి ఇరాక్ సైనికులు వచ్చాక నేను పనిచేసే ఇంటి అరబ్బు యజమానురాలు మామా, ఆమె ఇంటివాళ్లు సౌదీకి బయలుదేరారు. నా పాస్‌పోర్ట్ చేతిలో పెట్టి, నుదుటి మీద ముద్దు పెట్టి పోయింది మామా. మా ఆయన ఓబులేసు తను పనిచేసే దజీజ్ గోడౌన్ నుంచి నడిచొచ్చి నన్ను హవల్లీకి తెచ్చాడు. ఈ బిల్డింగు నిండా మన జిల్లావాళ్లే. ఇన్నేళ్లూ సెలవు రోజున మాత్రమే కనబడే శుక్రవారం మొగుడు... ఇప్పుడు రోజూ పక్కనే. యుద్ధం వచ్చి మాకు కాపురం పెట్టింది. రాయడానికే సిగ్గుగా ఉంది.

బుధవారం

రొట్టెల దగ్గర మళ్లీ గొడవ. సైనికులతో ఎవరు మాట్లాడాలి, దేశం దాటించే అమ్మాన్ బస్సు వస్తే ఎవరు ముందు ఎక్కాలి... మా అందరిలో పెద్దవాడు ఖాదర్ భాయ్ విసిగిపోయాడు. "ఊర్లో మాదిరి ఒక ప్రెసిడెంటును పెట్టుకుందాం. ఒకటే షరతు. అందరూ ఎక్కినాకే ఆయన బస్సెక్కాల."

నిలబడింది ఇద్దరు. మేడమీది ఇంజనీరు సారు, మా ఆయన. నన్ను ఒక్క మాట అడగలేదు.

గురువారం

మెట్ల మీద గుసగుసలు. "మనోడికే ఎయ్యాల." బయట తుపాకులు పేలుతున్నా కులం మాత్రం మన సంచుల్లోనే భద్రంగా వచ్చింది.

నేనూ తిరిగాను, ఆడవాళ్ల దగ్గరికి. మా ఆయనకు వెయ్యొద్దని.

రాయచోటి షాహీదా తెల్లబోయింది. "ఏందక్కా? మా అందరికీ నీళ్లు మోసేది ఆయనే గదా!"

"గెలిస్తే ఆఖరున ఎక్కుతాడు, షాహీదా."

నా చెయ్యి పట్టుకుంది. మాట మాత్రం ఇవ్వలేదు.

శుక్రవారం

వంటగదికి దుప్పటి తెర. కుక్కర్లో ఓట్లు. మా ఆయనకైతే శనగ గింజ, సారుకైతే మాకరోనీ ముక్క. షాహీదా తెర వెనక నుంచి ఏడుస్తూ వచ్చింది. "ఊర్లో నా ఓటు గూడా నా మొగుడే ఏస్తాండె అక్కా. ఇదే నా చేత్తో ఏసింది."

నేను మాకరోనీ వేశాను.

కుక్కరు వంచితే ఒకటీ అరా మాకరోనీలు తప్ప అన్నీ శనగలే.

సాయంత్రం చెప్పేశాను. "నిన్ను ఓడించాలని ఇల్లిల్లూ తిరిగినా."

"తెలుసులే మే. నీ అంత ప్రచారం ఇంజనీరు సారు గూడా చెయ్యల్యా." నవ్వాడు. తర్వాత నా జడ విప్పి చిక్కు తీస్తూ కూర్చున్నాడు.

ఆదివారం

తనిఖీకి వచ్చిన సైనికుడు మీ నాయకుడెవరని అడిగాడు. ఇద్దరు నిలబడితే ఓట్లేసి ఒకరిని ఎన్నుకున్నామని ఖాదర్ భాయ్ అరబ్బీలో చెప్పాడు.

"ఇద్దరు నిలబడ్డారా? మరి ఓడిపోయినవాడు ఏమయ్యాడు?"

"అదో, రొట్టెలు పంచుతున్నాడు."

సైనికుడు ఇంజనీరు సారును చాలాసేపు చూశాడు. ఏమీ వెతకకుండానే దిగిపోయాడు.

సెప్టెంబరు, మంగళవారం

బస్సు వచ్చింది. ముందు ఆడవాళ్లు, పిల్లలు.

ఎక్కనన్నాను. నీతోనే వస్తానన్నాను.

"షరతు నాకు మే, నీకు కాదు. యల్లా, ఎక్కు."

ఇంజనీరు సారు దగ్గరికొచ్చాడు. "ఓబులేసూ, మీరిద్దరూ వెళ్లండి. ఆఖరున నేనుంటాను."

"వాళ్లు ఓటేసింది నాకు సార్," అన్నాడు మెల్లగా. నా వైపు చూడకుండా.

నా సంచి బస్సులో పెట్టాడు. దించాను. మళ్లీ పెట్టాడు.

మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. షాహీదా కిటికీలోంచి పిలుస్తోంది. డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు... ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా సంచి ఆయన ఒళ్లో ఉంది.