హక్కుదారు తెలియని పాట

జనక్‌పురి,
ఆగస్టు మొదటి ఆదివారం

అన్నిటికీ తొందరపడే నా ప్రియమైన అక్సాకి,

జనం మరచిపోయారు కాబట్టే 'దో కమరే, ఛే లోగ్' అనే ఆ హిందీ సీరియల్ మళ్లీ టీవీలో రాలేదని ఇందాక చర్చి మెట్ల మీద అన్నావు. తప్పు. మరచిపోయే అవకాశం జనానికి ఎక్కడిచ్చారు? ఎనభైల్లో ఒక్కసారి వేశారు. కాలనీ అంతా నవ్వింది. ఆ తర్వాత క్యాసెట్టు రాలేదు, సీడీ రాలేదు, మధ్యాహ్నం ఎవరూ చూడని వేళలోనైనా వేయలేదు. దానికంటే నీరసమైనవి మాత్రం ఇంటి చుట్టంలా మళ్లీ మళ్లీ వచ్చిపోయాయి. బాగున్నవి నిలుస్తాయి, బాగోలేనివి పోతాయి అనే సిద్ధాంతాన్ని నీ ఆఫీసులో ఎవరి ముందూ చెప్పకు. పాత సీరియళ్లను మళ్లీ బయటికి తెచ్చే ఉద్యోగంలో ఈమధ్యే చేరావు, ఇంకొన్నాళ్లు ఉండాలి కదా.

రెండో తప్పు. మీ తాతయ్య అందులో నటులు కారు. బకెట్టు యజమాని. సెట్టు వేసుకునే స్తోమత లేక ఆ సీరియల్ వాళ్లు సరోజినీ నగర్‌లో మా సర్కారు క్వార్టరులోనే షూటింగు పెట్టుకున్నారు. 'మద్రాసీ పొరుగువాడు' వేషం వేయాల్సిన మనిషి రాలేదు. డైరెక్టరు అటూ ఇటూ చూశాడు. కొళాయి దగ్గర బకెట్టు పట్టుకుని మీ తాతయ్య కనిపించారు. అంతే, పుట్టి బుద్ధెరిగి మద్రాసు ముఖం చూడని నరసాపురం పౌలురాజుగారు ఆ పూట నుంచి మద్రాసీ అయిపోయారు.

మినిస్ట్రీలో పైవాళ్లకి హిందీ ఉత్తరాలు దిద్దిపెట్టే మనిషి. ఆయన చేత అయ్యయ్యో అనిపించారు, తల అడ్డంగా నిలువుగా ఊపించారు. తర్వాత ఆఫీసులో చాలాకాలం ఆయన పేరు 'అయ్యయ్యో బాబూ'. ఆయన వాళ్లతో కలిసి నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. లోపల ఏమనుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అందుకని ఆ సీరియల్ కనబడకుండా పోయినందుకు నాకు బెంగేమీ లేదు. నువ్వు పుట్టకముందే వెళ్లిపోయిన తాతయ్య నీకు గోడ మీద ఫోటోలో కోటు వేసుకుని ఉన్నారు. అలాగే ఉండనీ.

ఫోన్ చేయకు. నీ మాట సగమే వినపడుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను, తర్వాత ఇద్దరం పోట్లాడుకుంటాం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజీలు కూడా పంపకు. వేసవి సెలవులన్నీ పోగొట్టుకుని నీకు నేర్పిన అక్షరాలున్నాయి, వాటికి పని చెప్పు. ఎదురింటి జెనీఫర్ మీ నోయిడాలోనే ఆస్పత్రిలో డ్యూటీ చేస్తోంది కాబట్టి ఉత్తరాలు ఆమె చేతికిస్తే చాలు. పోస్టుకంటే నయం, దారిలో చదవదు.

నీ మేలు కోరే, నీ మాట సగమే వినే
అమ్మమ్మ, వసంతకుమారి


నోయిడా,
బుధవారం

ఎర్రపెన్ను పట్టుకుని ఈ ఉత్తరం చదువుతున్న నా ప్రియమైన అమ్మమ్మకు,

నువ్వన్నదే నిజం. హక్కుల పని చూసే మా సునంద మేడమ్‌కి నీ ఉత్తరంలో మొదటి పేరా హిందీలో చెప్పాను. "మీ నానీకి ఇక్కడ ఉద్యోగం ఇప్పిద్దామా?" అన్నారు.

సీరియల్ ఎందుకు మాయమైందో మేడమ్ చెప్పారు. మొదటిది, ఆ రోజుల్లో టేపు ఖరీదు ఎక్కువ. ఒకసారి వేసేశాక చాలా టేపులు చెరిపి, వాటి మీదే కొత్తవి రికార్డు చేసేవారట. మన సీరియల్ కాపీ నిర్మాత ఇంట్లో బీరువా పైన ఉండబట్టి మిగిలింది. ఆయన పోయాక పిల్లలిద్దరికీ పడక అది అక్కడే ఉండిపోయింది, ఈమధ్యే మా చేతికొచ్చింది. ఇంకొకటి, దానికి పట్టుమని పదిహేను భాగాలైనా లేవు. రోజూ ఒకటి వేయాలనుకునే ఛానళ్లకు అది ఏ మూలకి? అసలు గొడవ మాత్రం పాటలది అమ్మమ్మా. సీనులో రేడియో మోగితే, అందులో వచ్చే సినిమా పాటకి టీవీలో వేసేందుకు మాత్రమే అనుమతి తీసుకున్నారు. డిస్కులు వస్తాయని, ఫోన్లో చూస్తారని ఎవరికి తెలుసు? ఇప్పుడు ప్రతి పాటకీ మళ్లీ అడగాలి. హక్కుదారు ఒప్పుకోకపోయినా, దొరకకపోయినా ఆ సీరియల్ అక్కడితో ఆగిపోతుంది. ఇలా ఆగిపోయినవి మా ఆఫీసులోనే ఒక అల్మారా నిండా ఉన్నాయి.

మన సీరియల్లో రేడియో పాటలన్నీ ఎలాగో తేలిపోయాయి. ఒక్కటి మిగిలింది. తాతయ్య సీనులో.

హీరో చక్కెర అడగడానికి వస్తాడు. కొళాయి ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తాతయ్య అతనికి వివరిస్తూ ఉంటారు. వెనక ఎక్కడో రేడియోలో ఒకావిడ తెలుగు పాట. మధ్యలో తాతయ్య ఆగి, పక్కకి చూసి, నవ్వేస్తారు. ఏదో అంటారు, సరిగ్గా అప్పుడే కుక్కరు విజిల్ వేస్తుంది. మా ఎడిటరు ఆ చోటు మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తున్నాడు. మొత్తం సీరియల్లో ఇంత మంచి టైమింగ్ ఇంకెవరిదీ కాదంటాడు.

ఆ పాటను కంప్యూటరుకి వినిపించాం, ఏ పాటతోనూ కలవలేదు. మాటా పాటా ఒకే సౌండ్ ట్రాక్ మీద ఉన్నాయి. విడదీయబోతే తాతయ్య గొంతు కుండలోంచి వచ్చినట్టయింది. నెలాఖరులోపు హక్కుదారు తేలకపోతే సీను మొత్తం తీసేస్తారు. మిగతా భాగాల్లో తాతయ్య బకెట్టుతో అలా వెళ్లిపోతారు, అయ్యయ్యో అంటారు. నిజంగా మాట్లాడేది ఈ ఒక్కచోటే. నేను తాతయ్య గొంతు వినడం ఇదే మొదలు. విని, వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

నాకు పాటలో 'పౌడరు', 'బకెట్టు', 'మారాజా' మాత్రమే తెలిశాయి. ఏ సినిమాదో చెప్పు, ప్లీజ్. పాట ముక్కని జెనీఫర్ ఆంటీ ఫోన్‌కి పంపుతున్నాను.

నీ అక్షరాలతోనే నీకు ముద్దులు,
అక్సా


జనక్‌పురి,
శనివారం

రేడియో పాటల వెంట పరుగెడుతున్న అక్సాకి,

అక్షర దోషాలు మూడే. బాగుపడుతున్నావు.

జెనీఫర్ ఫోన్ నా చెవికి ఆనించి పెట్టింది. దోమలు మాట్లాడుకుంటున్నట్టుంది. చెవి మిషను పెట్టుకోమని ఆమె అంది. అది డ్రాయర్లో క్షేమంగా ఉంది. దాన్ని పెట్టుకుంటే పై అంతస్తువాళ్లు కుర్చీలు జరపడం తప్ప కొత్తగా వినబడేదేమీ లేదు.

పౌడరు, బకెట్టు, మారాజు మూడూ కలిసిన సినిమా పాట నా ఎరుకలో లేదు. మా రోజుల్లో సినిమా పాటల్లో వెన్నెల ఉండేది, బకెట్టు ఉండేది కాదు. ఏ నాటకాల కంపెనీదో, పౌడరు ప్రకటనో అయ్యుంటుంది. నీ సునంద మేడమ్ ఆ గాయని గురించి ఏమన్నారో నువ్వు రాయలేదు కానీ జెనీఫర్‌కి పంపిన మెసేజీలో రాశావట, 'శ్రుతి లేదు' అన్నారని. శ్రుతి లేని పాటకి హక్కుదారు కూడానా? పాడిన మనిషే సిగ్గుపడి దాక్కుని ఉంటుంది.

సీను తీసేయమను. నేను బాగా ఆలోచించే చెబుతున్నాను. ఇప్పుడు ఫోన్లున్నాయి. ఆయన తల ఊపే ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి, ఎవరి పుట్టినరోజుకో పంపుకుని నవ్వుతారు. ఒకసారి నవ్వులపాలైంది చాలు. ఆయన పోయాక కూడా ఎందుకు? ఆఫీసువాళ్లు పిలిచిన పేరుకి ఆయన కష్టపడ్డారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకుండా ఇంకో తరం చేత నవ్వించలేను.

గొంతు విన్నానన్నావు, ఎలా ఉందో రాయలేదు. బొంగురుగా ఉందా, కొంచెం ముక్కులోంచి వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

అమ్మమ్మ


నోయిడా,
సోమవారం

ఊరికే అడిగే అమ్మమ్మకు,

గొంతు ఎలా ఉందో రాయడానికి నాకు తెలుగు చాలదు. అందుకే పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. జెనీఫర్ ఆంటీ నీ టీవీకి పెట్టి ఇస్తారు. చెవి మిషను పెట్టుకుని ఒక్కసారి చూడు. పైవాళ్ల కుర్చీలు కూడా వినబడితే నన్ను తిట్టు.

నెలాఖరు గడువు ముందుకు జరిగింది, మేడమ్ ఈ శుక్రవారం వరకే ఆగుతామన్నారు. నువ్వు వద్దంటే నేను ఇంకేమీ అడగను, వాళ్లకీ అదే చెబుతాను. కానీ తాతయ్య కష్టపడ్డారో లేదో తెలియదన్నావు కదా. ఆ నవ్వు చూశాక చెప్పు. నాకు మాత్రం బలవంతంగా నవ్వే మనిషిలా అనిపించలేదు. ఎటో చూసి నవ్వారు. ఎటు చూశారో, ఎందుకు నవ్వారో స్క్రిప్టులో లేదు.

శుక్రవారం దాకా గోళ్లు కొరుక్కునే
అక్సా


జనక్‌పురి,
బుధవారం

నా ప్రియమైన, నా బంగారు అక్సా,

ముందు పని మాట. సీను తీయకండి. ఈ ఉత్తరం జెనీఫర్ నేరుగా మీ ఆఫీసుకే తెచ్చి ఇస్తుంది. చదవగానే లేచి వెళ్లి సునంద మేడమ్‌తో ఆ మాట చెప్పు, తర్వాత తిరిగి వచ్చి కూర్చుని మిగతాది చదువు.

చెప్పావా? అచ్ఛా.

ఆ పాట రేడియోలోది కాదు. మా వంటింట్లోది.

రాత్రి డ్యూటీ చేసొచ్చిన జెనీఫర్ పాపం నిద్ర కూడా పోకుండా టీవీకి నీ పెన్‌డ్రైవ్ తగిలించింది. డ్రాయరు వెతికి మిషను నా చెవికి పెట్టింది. మొదట కుర్చీలు వినబడ్డాయి, చెప్పాను కదా. తర్వాత ఆయన. బొంగురు గొంతే. కొంచెం ముక్కులోంచే. కొళాయి వేళల గురించి ఆయన ఇంట్లో ఎలా చెబుతారో అలాగే చెబుతున్నారు, నటనా లేదు నా బొందా లేదు. ఇంతలో వెనకాల నేను.

ఆ రోజు షూటింగువాళ్లకి వంట కూడా నా నెత్తినే పడింది. డైరెక్టరు వచ్చి "భాభీజీ, టేక్ అప్పుడు చప్పుడు వద్దు" అని చేతులు జోడించాడు. రిహార్సలు అప్పుడు పరవాలేదన్నాడు. నేను రిహార్సలే అనుకున్నాను. నీళ్లు వచ్చే వేళ దాటిపోతోంది. పట్టాల్సిన మనిషి ముఖానికి పౌడరు పూయించుకుని, ఖాళీ బకెట్టుతో కెమెరా ముందు నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది. పప్పు కుక్కరు ఎక్కించి, ఆయన చెవిన పడేలా పాట కట్టి పాడాను:

పౌడరు పూసిన మారాజా,
బకెట్టు మోసే మారాజా,
వేషం కట్టి నువు నిలబడితే
కొళాయి నీకై ఆగదు రాజా.

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నర్సింగు విద్యార్థులకు ఎముకల పేర్లన్నీ అప్పజెప్పించిన బుర్ర, తన పాటని తనే పారేసుకుంది. ఆ పాడిన మనిషి సిగ్గుపడి దాక్కుందని పోయిన ఉత్తరంలో నేనే రాశాను, ఆ కాగితం జాగ్రత్తగా చించేయి. శ్రుతి విషయంలో మేడమ్ అన్నది నిజమే. రాగం కూడా నాదే, అంటే లేదనే అర్థం.

ఆయన పక్కకి చూశారన్నావు. అటు వంటింటి గుమ్మం. టైమింగ్ అని నీ ఎడిటరు మురిసిపోతున్నది నన్ను చూసి ఆపుకోలేక వచ్చిన నవ్వు. కుక్కరు విజిల్‌లో మునిగిపోయిన మాట మిషను కూడా పట్టుకోలేదు. పరవాలేదు, ఆ పెదవులు చదవడానికి నాకు మిషను అక్కర్లేదు. "ఆపు వసంతా, నవ్వొస్తోంది" అన్నారు. అప్పుడు డైరెక్టరు బయట "బహుత్ నేచురల్" అని అరవడం నాకిప్పుడు గుర్తొస్తోంది. దేనికో అనుకున్నాను.

ఇన్నాళ్లూ ఆయన్ని పదిమందీ కలిసి నవ్వులపాలు చేశారనుకున్నాను. అయ్యయ్యో అనిపించినవాళ్ల మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు. అది వేరే లెక్క. కానీ ఆ మనిషి కుమిలిపోలేదే. తల ఊపమంటే ఊపారు, మనసు మాత్రం వంటింట్లో పెట్టుకున్నారు. ఆఫీసులో ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ఆయనకి నా పాటే గుర్తొచ్చి ఉంటుంది. అందుకే నవ్వేవారు. నాకు చెప్పి ఉండొచ్చు కదా అని ఫోటో ముందు నిలబడి కాస్త గట్టిగానే అడిగాను. జెనీఫర్ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను ఏడవలేదు, మిషను తడుస్తుందని.

చాలా తేలిగ్గా ఉంది అక్సా. మోకాళ్ల నొప్పి కూడా తగ్గినట్టుంది, అది భ్రమే అయ్యుంటుంది.

కాబట్టి సునంద మేడమ్‌కి చెప్పు, హక్కుదారు దొరికింది, జనక్‌పురిలో బతికే ఉంది, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడుతుంది. పైసా వద్దు. చివర్లో పేర్లు వేసేటప్పుడు 'పాట: వసంతకుమారి' అని తెలుగులో వేయాలి. అక్షరాలు నువ్వే రాసి ఇవ్వు, వాళ్లకి వదిలిపెట్టకు. కుక్కరు కూడా నాదే, దానికి వేరే అనుమతి అక్కర్లేదు. ఎవరైనా ఆయన తల ఊపే ముక్క కత్తిరించి పంపుకుంటే పంపుకోనీ, నవ్వే ముక్క కూడా కలిపి పంపుకోమను.

ఇక నీకు ఒక పని. మళ్లీ మళ్లీ చూస్తుండగా చెవి మిషను చప్పుడు లేకుండా పోయింది, బ్యాటరీ అయిపోయిందట. మీ మెట్రో స్టేషను పక్కన మందుల షాపులో దొరుకుతాయని జెనీఫర్ చెప్పింది. నారింజ రంగు చీటీ అంటించినవి అడుగు. పసుపు చీటీవి చిన్నవి, నా మిషనుకి సరిపోవు, షాపు భయ్యా అవే ఇస్తాడు, తీసుకోకు. రెండు ప్యాకెట్లు కొని ఆదివారం ఆరాధనకు ముందే ఇంటికి తీసుకురా. చర్చిలో అందజేయకు, ప్రసంగం కూడా వినాల్సి వస్తుంది.

నీ అమ్మమ్మ,
పాట రాసి పాడిన వసంతకుమారి