ఎప్పుడైనా రా

ఔలు,
ఫిబ్రవరి 11, 1993

ప్రియమైన నాన్నా,

చెప్పాల్సిన సంగతి ముందు చెప్పేస్తాను. నా డాక్టరేటు పరిశోధన గ్రంథాన్ని బహిరంగ వాదన సభకు అనుమతించవద్దని ప్రొఫెసర్ డన్‌హామ్ రాశాడు. కాబట్టి మేలో సభ లేదు. ఆ రాత్రి నేనివ్వాల్సిన విందూ లేదు. నువ్వు మాట్లాడిపెట్టిన నావికుల సంఘం హాలు వద్దని చెప్పెయ్యి. సాల్మన్ చేప చారు వండుతానన్న అత్తకు నేనే ఫోన్ చేస్తాను.

నిన్న ఉదయం మా ప్రొఫెసర్ ఎల్వీ లేహ్తోవారా గదికి పిలిచి డన్‌హామ్ నివేదిక చేతికిచ్చింది. మొదటి పేజీ చదివి, ఎవరిదో తప్పుగా నాకు వచ్చిందనుకుని పైన పేరు చూశాను. నా పేరే. మళ్ళీ మొదటినుంచి చదివాను. బస్టాపులో ఎవరో ముసలాయన "అమ్మాయీ, కోటు వేసుకో" అంటే అప్పుడు చూసుకున్నాను, కోటు చేతిమీదే ఉంది. ఆ చలిలో అంతదూరం అలాగే నడిచానన్నమాట.

డన్‌హామ్ ఎవరో నీకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలోని ఒహాయో నుంచి అక్టోబరులో ఉపన్యాసానికి వచ్చాడు. గ్రంథాన్ని సభకు ముందు చదివి అవునో కాదో చెప్పాల్సిన బయటి మనిషి ఆయనే. ఆ రోజు కాఫీ దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేసి "అయిపోయింది నాన్నా, నచ్చింది" అని చెప్పాను. నువ్వు మర్నాడే హాలు మాట్లాడావు.

ఆయన అన్న మాటలు నాకు గుర్తున్నంతవరకు ఇవీ. "అద్భుతం రీక్కా! ఎంత ఆనందించానో!" అన్నాడు. తర్వాత, "మూడో అధ్యాయం చాలా ఆసక్తికరంగా ఉంది. దాన్ని నువ్వు ఎక్కడిదాకా తీసుకెళ్తావో చూడాలని ఉంది" అన్నాడు. ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదు, అది పూర్తయిందని చెప్పాను. నవ్వాడు. "ఇంకాస్త సమయం దొరికితే నీకు ఇబ్బంది ఉండదు కదా?" అన్నాడు. నేను ఆలోచించాను. ఆలోచించేటప్పుడు మన దేశంలో ఎవరం మాట్లాడం కదా. ఇంకా జవాబు చెప్పకముందే ఆయన వాతావరణం గురించి మొదలుపెట్టాడు. రైలెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఒహాయో వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగాలి. ఎప్పుడైనా రా!" అన్నాడు.

ఇదంతా నిన్న ఎల్వీకి చెప్పాను.

"అద్భుతం అన్నాక ఏమన్నాడు?" అంది.

"ఆసక్తికరం అన్నాడండీ."

"ఆ తర్వాత?"

"ఇంకాస్త సమయం..."

ఎల్వీ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఎనిమిదేళ్ళు అమెరికా గురించి చదివావు కదే తల్లీ! బాగాలేదని ఆ మనిషి నీకు మూడుసార్లు చెప్పాడు."

అసలు దెబ్బ ఇది కూడా కాదు. నేను రాసింది అమెరికన్ చిన్న ఊళ్ళ కథల్లో ఇరుగుపొరుగుల గురించి. మూడో అధ్యాయంలో ఒక విషయం పట్టుకున్నాను. ఆ కథల్లో అందరూ వరండాల్లోంచి ఒకరినొకరు రమ్మని పిలుచుకుంటారు, ఒక్కరూ వెళ్ళరు. పిలిచినా గడప దాటలేని ఆ మనుషుల ఒంటరితనం అమెరికా సాహిత్యంలో పెద్ద విషాదం అని నలభై పేజీలు రాశాను. డన్‌హామ్ ఇలా రాశాడు: "రచయిత్రి ప్రతి పిలుపునూ పిలుపుగానే తీసుకున్నారు. ఆ పాత్రలు వెళ్ళకపోవడం విషాదం కాదు, మర్యాద. దీంతో గ్రంథం మొత్తం వాదన నిలవదు."

పుస్తకంలో చేసిన తప్పే కాఫీ బల్ల దగ్గరా చేశాను. అందుకే ఇది సరిదిద్దుకోగలిగిన తప్పులా అనిపించడం లేదు. తెలియని దేశం గురించి ఎనిమిదేళ్ళు రాశాను. మన కెమి బడిలో ఇంగ్లీషు టీచరు ఖాళీ ఉంది, నెలాఖరులోగా జవాబు చెప్పమని హెడ్మాస్టరు అడిగాడు. వస్తానని చెప్పాలనుకుంటున్నాను. పొయ్యి పక్కన గది ఖాళీ చేసి ఉంచు.

నీ
రీక్కా


కెమి,
ఫిబ్రవరి 16

రీక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడా చలిగానే ఉంది. సముద్రం గట్టిగా గడ్డకట్టింది.

బడి పని మంచిదే. నీ ఇష్టం.

హాలు వద్దనలేదు. వచ్చే ఏడాది మే నెలకి మార్పించాను. హాలు చూసుకునే ఎస్కో "ఏం, పిల్ల తప్పిందా?" అన్నాడు. "ఇంకా రాస్తోంది" అన్నాను. "ఎనిమిదేళ్ళ నుంచా? మేం ఓడ కట్టేవాళ్ళం ఈపాటికి" అన్నాడు. వాడి మాటలు పట్టించుకోకు.

నాకు ఒకటి అర్థం కాలేదు. ఆ మనిషి ఎప్పుడైనా రమ్మన్నాడని నువ్వే రాశావు. రమ్మన్న ఇంటికి వెళ్ళడానికి ఆలోచన దేనికి? ఆ మూడో భాగంలో ఏం బాగాలేదో వాళ్ళింట్లో కూర్చుని అడుగు. వెళ్ళేటప్పుడు కాఫీ పొడి పట్టుకెళ్ళు. వాళ్ళ కాఫీ నీళ్ళలా ఉంటుందని నేను ఓడలో పనిచేసినప్పుడు అనుకునేవాళ్ళు.

నాన్న


ఒహాయో,
జూన్ 24

ప్రియమైన నాన్నా,

క్షేమంగా చేరాను. కాఫీ గురించి నువ్వు విన్నది నిజం.

నీ ఉత్తరం చదివాక హెడ్మాస్టరుకు రానని చెప్పి, డన్‌హామ్‌కు రాశాను. మీరు రమ్మన్నారు, జూన్‌లో వస్తాను, మూడో అధ్యాయం తెస్తాను అని. "అద్భుతం! తప్పకుండా! ఎప్పుడో ఒకప్పుడు చూద్దాం!" అని జవాబొచ్చింది. ఎల్వీ చూసి, "రావద్దని రాశాడు" అంది. నేను విమానం తారీఖు రాసి పంపాను. దానికి జవాబు రాలేదు. అయినా ఎక్కాను.

తలుపు తీసింది ఆయన భార్య కారల్. నా పెట్టెలు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఏదో అమ్మడానికి వచ్చాననుకుందట.

"ప్రొఫెసర్‌గారు రమ్మన్నారు" అన్నాను.

డన్‌హామ్ లోపలినుంచి వచ్చాడు. నన్ను చూశాడు. ఆయన ముఖం ఎలా అయిందో చెప్తే నమ్మవు, ఫిబ్రవరిలో ఆ నివేదిక చదివినప్పుడు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

"రీక్కా! అద్భుతం!"

"ఇది నిజం అద్భుతమా, అక్టోబరు అద్భుతమా?" అన్నాను. వెటకారం కాదు నాన్నా, తెలియకే అడిగాను.

కారల్ తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "రస్, ఈ పిల్లని నువ్వు పిలిచావా?"

"నేను అందర్నీ పిలుస్తాను కదా" అన్నాడు.

"అవును. ముప్ఫయ్యేళ్ళుగా పిలుస్తున్నాడమ్మా. వచ్చిందానివి నువ్వే. లోపలికి రా." కుట్టుమిషను ఉన్న గదిలో నాకు పక్క వేసింది.

మర్నాడు వంటింటి బల్ల దగ్గర అధ్యాయం పెట్టి అడిగాను. "ఇది బాగాలేదా?"

ఆయన కప్పులోకి చూశాడు. ఈయన మాట్లాడకుండా ఉండడం నేను చూడటం అదే మొదటిసారి. చివరికి, "బాగాలేదు" అన్నాడు. వినగానే ఒళ్ళు తేలికైంది. ఫిబ్రవరి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదని నీకు రాయలేదు. ఆ మధ్యాహ్నం వరండాలో కుర్చీలోనే నిద్రపోయాను.

అప్పటినుంచి రోజూ పోట్లాడుకుంటున్నాం. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేస్తాడు, నేను మళ్ళీ రాస్తాను. "ఆ రోజు కాఫీ దగ్గర నీకు నామీద కోపం వచ్చిందనుకున్నాను. అందుకే మాట మార్చాను" అన్నాడు. "ఆలోచిస్తున్నాను" అన్నాను. "అంతసేపా?" అన్నాడు.

నిన్న ఆయన తన నివేదిక తీసి, వెళ్ళకపోవడం మర్యాద అన్న వాక్యం చూపించాడు. "నువ్వు పెట్టెలతో గుమ్మంలో నిలబడ్డాక ఈ వాక్యం నాకే సరిగ్గా అనిపించడం లేదు. ముప్ఫయ్యేళ్ళలో ఒక్కరైనా రాలేదంటే అది మర్యాద ఒక్కటేనా?" అన్నాడు. నా వాదన సగం పోయింది నాన్నా, సగం నిలిచింది. నిలిచిన సగంతో మళ్ళీ రాసిస్తే సభకు అనుమతిస్తానని సూటిగానే చెప్పాడు. "నిజంగానా?" అని రెండుసార్లు అడిగాను. "నిజంగానే" అని రెండుసార్లూ అన్నాడు. హాలు వచ్చే మే నెలకే ఉండనీ. ఎస్కోకి చెప్పు, ఓడ తేలేలా ఉంది.

ఇక ఆపుతున్నాను. పొద్దున కంచె అవతల గులాబీలకు నీళ్ళు పోస్తున్న డోరతీ అనే పెద్దావిడ నన్ను చూసి, "కాఫీకి మా ఇంటికి ఎప్పుడైనా రామ్మా!" అంది. ఆ మాట చెప్తే కారల్, "అయ్యో, అంటే ఇప్పుడని కాదు!" అంటోంది. డన్‌హామ్ మాత్రం పెన్ను పక్కన పెట్టి, "వెళ్ళనీ కారల్. ఏమవుతుందో చూద్దాం" అన్నాడు.

బూట్లు వేసుకున్నాను. నీ కాఫీ పొడి సగం మిగిలింది. అది పట్టుకెళ్తున్నాను.

నీ
రీక్కా